ఒక నంబరు, ఒక మనిషి

తిరుపతిలో పుట్టిన బిడ్డకు మాటలు రాకముందే క్యూలో నిలబడటం వచ్చేస్తుంది. అందుకే కాబోలు, చిత్తూరు మామిడికాయలకు కూడా ఒక క్యూ కట్టించాల్సి వచ్చినప్పుడు ఆ పని వెతుక్కుంటూ తిరుపతికే వచ్చింది. కరకంబాడి రోడ్డులో టైర్ల షాపు మీద, రెండో అంతస్తులో ఉన్న ఒక చిన్న కంపెనీ దాన్ని ఒప్పుకుంది. కంపెనీ అంటే మరీ పెద్దగా ఊహించుకోనక్కర్లేదు. బాలాజీ అనే మేనేజరు, ఇంటర్వ్యూలకు సెలవు పెట్టి పోతూ వస్తూ ఉండే కొందరు కుర్రాళ్ళు, కరెంటు పోతే కుయ్యోమనే ఒక ఇన్వర్టరు, షబ్రీన్. పనిలో ముప్పాతిక వంతు షబ్రీన్‌దే.

జూన్ వచ్చిందంటే తోతాపురి మామిడి అంతా ఒక్కసారే పక్వానికి వస్తుంది. చెట్టు ఆగదు, రైతు ఆగలేడు, గుజ్జు ఫ్యాక్టరీ మాత్రం తన నోరు పట్టినంతే తింటుంది. గేటు ముందు రోడ్డు పొడవునా ట్రాక్టర్లు నిలబడిపోయి, లోడు అడుగు కాయ మెత్తబడి రసం కారుతుంటే, తెచ్చినవాళ్ళు ఆ ట్రాక్టర్ల కిందే గోనెపట్టా పరుచుకుని పడుకునేవాళ్ళు. ఏటా ఈ గోల పడలేక ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నీ కలిసి ఒక మాట మీదికి వచ్చాయి. కాయ అమ్మేవాడు ముందే ఫోనులో పేరు నమోదు చేసుకోవాలి. ఫలానా రోజు తీసుకురమ్మని టోకెను వస్తుంది. టోకెను ఉన్న లోడుకే గేటు తెరుచుకుంటుంది. ఫోనులో కనిపించే బొమ్మలూ బొత్తాలూ వేరేవాళ్ళు చేశారు. బొత్తాం నొక్కగానే లోపల పేరు అందుకుని, దాచి, టోకెన్లు పంచి, జవాబు పంపే సర్వీసు, అంటే కంటికి కనిపించని భాగమంతా షబ్రీన్ చేతికి వచ్చింది.

ఆమెకు అలాంటి పనంటే ప్రాణం. టెర్మినల్ అనే నల్లటి తెర తెరిచి ఒక్క వరుస కమాండు కొడితే, ఆమె వాడే టూలు సర్వీసుకు కావలసిన చట్రమంతా నిలబెట్టి చేతికిచ్చేది. ఆపైన ఆమె చేయాల్సింది ఏది ఏ రకమో చెప్పడం. రైతంటే ఏమిటి, ఫోను నంబరంటే ఏమిటి, టోకెనంటే ఏమిటి. అంకె ఉండాల్సిన చోట అక్షరం పెడితే ఆ టూలు ఒప్పుకోదు. ఉండొచ్చు, లేకపోవచ్చు అన్నదాన్ని తప్పకుండా ఉంటుందన్నట్టు వాడినా ఒప్పుకోదు. ఒక పని రెండు రకాలుగా జరిగే వీలున్న చోట ఒకదానికే జవాబు రాసి ఊరుకుంటే, ఎర్ర అక్షరాలతో పని ఆపేసి రెండోదాని సంగతేమిటని అడుగుతుంది. అన్నిటికీ సమాధానం చెప్పుకున్నాకే పచ్చ అక్షరాలతో సరేనంటుంది. తక్కిన కుర్రాళ్ళకు అది చాదస్తం, షబ్రీన్‌కు భరోసా. పచ్చ అక్షరాలు కనబడ్డ రోజు ఆమెకు అన్నం సహించేది, నిద్ర పట్టేది.

కాకపోతే ఆ టూలుకు తెలిసింది ఒక్కటే. నువ్వు చెప్పినవి ఒకదానికొకటి పొసుగుతున్నాయా అని చూస్తుంది. నువ్వు చెప్పింది లోకంలో ఉందా లేదా అని చూడదు. పాపం, అది ఎట్లా చూస్తుంది? దాన్ని పాకాల మామిడితోటలకు ఎవరు తీసుకుపోయారు గనక?

ఒక రైతును ఇంకో రైతు నుంచి వేరుగా గుర్తుపట్టడం ఎట్లా అన్నది మొదటి పేచీ. పేరు చాలదు. పాకాల చుట్టుపక్కల ఏ ఊళ్ళో నిలబడి మునీ అని పిలిచినా సగం మంది తిరిగి చూస్తారు. పట్టాదారు పాసుబుక్కు నంబరు అడుగుదాం, తేలిపోతుంది అన్నాడు బాలాజీ. అందరూ తలలూపారు. మీటింగుల్లో ఎప్పుడూ నోరు విప్పని షబ్రీన్ ఆ రోజు విప్పింది.

"పాసుబుక్కు ఉన్నోళ్ళకే టోకెనంటే మా నాయన లాంటోళ్ళు యాడికి పోవాల సార్?"

వాళ్ళ నాయన పీరా సాహెబ్‌ది పాకాల దగ్గర గుట్టకిందపల్లె. ఆయనకు సెంటు భూమి లేదు. పూత మీద ఉండగానే ఎవరిదో తోట గుత్తకు తీసుకుని, మందు కొట్టి, కాపు కాసి, కాయ కోసి అమ్ముకోవడమే ఆయన బతుకు. జిల్లాలో అలాంటి గుత్తదారులు ఎంతమందో. పాసుబుక్కు అడిగితే వాళ్ళంతా గేటు బయటే నిలబడాలి. ఇదంతా షబ్రీన్ గడగడా చెప్పేసి, ఫోను నంబరు పెడదాం, ఈ రోజుల్లో ఫోను లేనివాళ్ళు లేరు కదా అంది. ఒక నంబరు, ఒక మనిషి. బాలాజీ ఆలోచించి, నీకు ఆ లోకం తెలుసు కాబట్టి నువ్వన్నట్టే కానీ అన్నాడు. ఆ మాటకు ఆమె ఎంత పొంగిపోయిందో!

ఆ సాయంత్రం ఆమె అదే రాసింది. టూలు ఎర్రగా ఆపింది. ఉన్న నంబరే మళ్ళీ వస్తే ఏం చేయాలో నువ్వు చెప్పలేదు అంది. దారులు రెండు. కుదరదని తిప్పి పంపడం ఒకటి, పాత వివరాలు తీసి కొత్తవి పెట్టడం ఇంకొకటి. షబ్రీన్ కళ్ళ ముందు వాళ్ళ నాయన బొటనవేలు కదిలింది. ఆ మొద్దువేలితో ఆయన ఒక పేరు సరిగ్గా కొట్టాలంటే మూడుసార్లు చెరుపుకోవాలి. తప్పు కొట్టి, దిద్దుకోవడానికి మళ్ళీ వస్తే, కుదరదు పో అంటే ఎట్లా? పల్లెల్లోవాళ్ళు ఫోనులో ఒకసారి కాదనిపించుకుంటే మళ్ళీ ఆ జోలికి పోరు. కాబట్టి అదే నంబరు మళ్ళీ వస్తే అదే మనిషి దిద్దుకోవడానికి వచ్చాడనుకుని, పాతది తీసి కొత్తది పెట్టమని రాసింది. జవాబు కూడా మర్యాదగా ఉండాలని, మీ వివరాలు సరిచేశాము అని పెట్టింది. పచ్చ అక్షరాలు వచ్చాయి. అడగాల్సిన ప్రశ్న అది అడిగింది, జవాబు చెప్పినది మనిషి.

గుట్టకిందపల్లెలో మొదటి సెల్‌ఫోను పీరా సాహెబ్‌ది. అప్పట్లో కొన్న నంబరే ఇప్పటికీ ఉంది. ఊళ్ళో అందరికీ ఫోన్లు వచ్చాయి గానీ, నంబర్లు మాత్రం నిలవవు. ఆఫరు చూసి సిమ్ము మార్చేవాళ్ళు, రీచార్జి అయిపోతే మూల పడేసేవాళ్ళు, కొడుకు తడ దగ్గర ఫ్యాక్టరీ పనికి పోతూ ఫోను పట్టుకుపోతే చేతులు దులుపుకుని కూర్చునేవాళ్ళు. అందువల్ల బ్యాంకయినా, గ్యాసయినా, పిల్లల కాలేజీ అయినా నంబరు అడిగిన చోటల్లా ఊరంతా సాహెబు నంబరు చెప్పేది. ఆయన మెసేజి చూసి, సైకిలెక్కి, ఎవరిది వాళ్ళ గడపలో చెప్పి వచ్చేవాడు. ఒక్కసారి కూడా ఒకరి మాట ఇంకొకరి చెవిన వేసి ఎరుగడు. షబ్రీన్ చిన్నప్పుడు ఆ సైకిలు ముందు కూర్చుని ఊరంతా తిరిగిన పిల్లే. ఆమె టెన్త్ హాల్‌టికెట్టు మెసేజితో పాటు ఊళ్ళో పిల్లలందరివీ ఆ ఫోనుకే వచ్చాయి. ఇంత తెలిసి ఎట్లా మరిచిపోయిందంటే ఏం చెప్పాలి? ఉప్పు కూరలో ఉందని గుర్తుపెట్టుకుని తినేవాళ్ళు ఎవరు? పుట్టినప్పటి నుంచీ ఉన్నదాన్ని మనసు లెక్కలోకి తీసుకోదు.

మే నెలలో ఒక శుక్రవారం, నమాజు అయిపోయాక, ఊరంతా పీరా సాహెబ్ అరుగు మీద చేరింది. మన షబ్రీను చేసిందంట అని ముసలమ్మలు కూడా వచ్చారు. షబ్రీన్ అమ్మ రహిమున్నీసా కడుపు నిండిపోయి, వచ్చినవాళ్ళకల్లా టీ పోసింది. ఒక్కొక్కరి పేరు కొట్టడం, ఫోనుకు వచ్చిన ఓటీపీ అంకెలు చదవడం, మళ్ళీ కొట్టడం. మొదటి మనిషికి నమోదు అయిందని వచ్చింది. తక్కిన వాళ్ళకు మీ వివరాలు సరిచేశాము అని వచ్చింది. అన్నీ సరిగ్గా ఉన్నాయంట అని పీరా సాహెబ్ ప్రతిసారీ చదివి వినిపించాడు. నువ్వు కూడా చేసుకో సాహెబూ అని మునస్వామి మధ్యలో రెండుమూడు సార్లు గుర్తు చేశాడు. మునస్వామికి ఊరి పక్కన సొంత తోట ఉంది, పీరా సాహెబ్‌తో పలక పట్టిన నాటి స్నేహం. ఇంటికి వచ్చినవాళ్ళు తినకుండా తాను విస్తరి ముందు కూర్చునే అలవాటు పీరా సాహెబ్‌కు లేదు. వడ్డించినవాడే చివర తినాలి. చీకటి పడే ముందు, అరుగు ఖాళీ అయ్యాక, అందరికంటే చివర తన పేరు కొట్టుకున్నాడు.

జూన్‌లో టోకెన్లు వచ్చాయి. చుట్టూ ఉన్న ఊళ్ళన్నిటికీ వచ్చాయి. గుట్టకిందపల్లెకు ఒక్కటే వచ్చింది, పీరా సాహెబ్ పేరున.

మిగతావి వెనకాల వస్తాయని ఆయన అందరికీ చెప్పాడు. ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగాడు. పండు రాలడం మొదలైంది. ఆనందమ్మ కాయ అందరికంటే ముందు పండింది. ఆమెకు మొగుడు లేడు, ఉన్నది కొద్దిపాటి తోట, నర్సింగు చదివే కూతురు నిస్సీ. పీరా సాహెబ్ తన టోకెను ఆమెకు ఇచ్చేసి, ఈ రోజు నా బదులు నీ లోడు తీసుకుపో అన్నాడు. గేటు దగ్గర పేరు కలవలేదు. టోకెనులో ఉన్న మనిషి వేరు, వచ్చిన మనిషి వేరు అని ట్రాక్టరును పక్కకు తీయించారు. ఆనందమ్మ బతిమాలింది. గేటు మనిషి విసుగ్గా కంప్యూటరు చూసి, మీ ఊరి నుంచి నమోదు చేసుకున్నది ఒక్కడే, పీరా సాహెబ్, ఇంకెవరి పేర్లూ లేవు పో అన్నాడు. మధ్యాహ్నం ఎండలో లోడు వెనక్కి తిరిగింది. సగం దారిలోనే కాయ ఊరిపోయి వాసన కొట్టడంతో, బాడుగ ట్రాక్టరువాడు ఇంక మోయనని వాగు పక్కన దిమ్మరించాడు. ఆనందమ్మ ఊళ్ళోకి నడిచి వచ్చి ఆ ఒక్క మాటే చెప్పింది. ఇంకెవరి పేర్లూ లేవంట.

అంతే, నిప్పు పడ్డ గడ్డివామే. అరుగు మీద కూర్చోబెట్టి అందరి పేర్లూ కొట్టినట్టు నటించి, తన పేరొకటే ఉంచుకున్నాడన్నారు. కూతురు ఆ కంపెనీలోనే ఉంది కదా, తండ్రీకూతుళ్ళు కూడబలుక్కున్నారన్నారు. కంచే చేను మేసింది అని ఒకరనగానే, ఊరికి ఆ మాట నోట్లో కుదిరిపోయింది. నిన్నటి దాకా ఆ నంబరు మీద బతికినవాళ్ళే, ఇంకా ఏమేం మెసేజిలు మింగేశాడో అని పాతవి తవ్వుకోవడం మొదలుపెట్టారు. మునస్వామి మాత్రం అరుగు మీదికి రావడమే మానేశాడు.

పీరా సాహెబ్ కూతురికి ఫోను చేశాడు. ఆ ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. అయితే గుండె బరువెక్కినప్పుడు ఆయనకు తెలుగే వచ్చేది.

"పాపా, మన ఊళ్ళో ఎవురికీ టోకెను రాలా. నాకొక్కడికే వచ్చిండాది. ఏందో కొంచెం సూడు."

షబ్రీన్ నాయన నంబరు కొట్టి చూసింది. ఒక్క పేరే ఉంది. జరిగిన పనులన్నీ సర్వీసు తన కోసం రాసుకునే చిట్టా తెరిచింది. ఆ శుక్రవారం మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా వరుసగా ఒకటే మాట, సరిచేయబడింది, సరిచేయబడింది, సరిచేయబడింది. చిట్టాలో మనుషుల పేర్లు ఉండకూడదని, అది వాళ్ళ సొంత విషయమని, ఆ జాగ్రత్త కూడా తనే తీసుకుంది. రోజుకొకసారి తీసే నకలులో కూడా ఆ పేర్లు లేవు. అన్నీ ఒక్క మధ్యాహ్నమే వచ్చి, ఒక్క మధ్యాహ్నమే పోయాయి. ఒక్కో వరుస ఒక్కో మనిషి. ఇది మునస్వామి మామ అయి ఉంటాడు, ఇది ఆనందమ్మత్త అయి ఉంటుంది. ఎవరో తన చేతనే ఊరినంతా ఒకరి మీద ఒకరిని పడేయించి పూడ్పించినట్టు అనిపించింది. ఆ ఎవరో కూడా తనే కదా.

మెట్ల మీదికి పోయి నాయనకు చెప్పింది. అందరూ మీ నంబరే ఇచ్చారు, ఒకరి పేరు రాగానే ముందు పేరు పోయింది, చివర వచ్చిన పేరొకటే మిగిలింది, తప్పు నాది నాయనా అంది. ఆయన మెల్లిగా అడిగాడు.

"అంటే, నేను మర్యాదకని చివర పోకుండా ముందే చేసుకోనుంటే?"

"అప్పుడు చివర ఎవురు చేసుకోనుంటే వాళ్ళకు వచ్చుండేది."

"సరే పాపా. ఎవురికీ చెప్పబాక. నేను మాట్లాడతా."

బాలాజీ చెడ్డవాడేం కాదు. విన్నాడు, తల పట్టుకున్నాడు, ముందు ఇది బాగు చేయమన్నాడు. ఊరికి రాకుండా పోయిన టోకెన్లు ఇప్పించమని షబ్రీన్ ఏడ్చినంత పని చేసింది. ఫ్యాక్టరీలకు ఫోన్లు చేశాడు, రోజులన్నీ నిండిపోయాయన్నారు. ఇచ్చినవాళ్ళ దగ్గర లాక్కుని వీళ్ళకు ఇవ్వలేం, కాయ మిగిలితే నెలాఖరున మళ్ళీ నమోదు పెడతాం అన్నారు. బయట మాత్రం ఎక్కడా నోరు జారొద్దు, తప్పు అందరిదీ అన్నాడు బాలాజీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదనే కదా అర్థం.

ఆమె కూర్చుని దిద్దింది. ఒక నంబరుకు ఒక మనిషి అన్న చోట ఒక నంబరుకు ఎందరైనా అని మార్చగానే టూలు తెర నిండా ఎర్రబడింది. ఇక్కడ ఒక్కడే అనుకున్నావు, ఇక్కడ కూడా ఒక్కడే అనుకున్నావు అని చోటు చోటుకూ ఆపి చూపించింది. ఇంతకు ముందు అది ఓపికగా తోచేది. ఇప్పుడు ఒక్కో ఎర్ర వరుసా మొహాన కొట్టినట్టుంది. అన్నిటికీ జవాబు చెప్పి పచ్చ అక్షరాలు చూసేసరికి చేతులు కాలిపోయి ఉన్నాయి, ఆకులు మాత్రం పట్టుకోగలిగింది.

నాయన వద్దన్నాడు గానీ మనసు ఊరుకోలేదు. మరుసటి రోజు పొద్దున్నే పాకాల రైలెక్కింది. ఇంటికి పోకుండా నేరుగా మునస్వామి ఇంటికి పోయింది. దారి పొడవునా చెట్ల కింద పండు కుళ్ళి, పులిసిన వాసన, ఈగలు. మునస్వామి వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లోపలి నుంచి మజ్జిగ తెప్పించాడు. ఆ మర్యాదకు ఆమెకు మరీ భయం వేసింది.

ల్యాప్‌టాప్ తెరిచి, చిట్టా చూపించి, జరిగిందంతా మొదటి నుంచి చెప్పింది. టూలు అడగడం, తాను తప్పు జవాబు రాయడం కూడా దాచలేదు. చూడండి మామా, ఈ వరుసలన్నీ మీరే, పేర్లు పోయినాయి గానీ మీరంతా ఇక్కడ వచ్చి పోయినట్టు ఉండాది అంది. ఆయన తెర వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు.

"ఆ తెర మీద ఉండేదంతా నువ్వు రాసిందేగదమ్మా."

మునస్వామి మజ్జిగ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు.

"మీ నాయన నిన్న సాయంత్రమే వచ్చినాడు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలా. అందరి పేర్లూ తీసేసి నా పేరొకటి పెట్టుకున్నానప్పా, ఆశ పుట్టింది, పాపకు ఏమీ తెలీదు అన్నాడు. ఊళ్ళో ప్రతి ఇంటికీ పోయి ఇదే చెప్పినాడు."

అబద్ధం మామా అని ఆమె అరిచింది. ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"నువ్వొస్తావని కూడా చెప్పినాడు. వచ్చి, తప్పు నాదే అంటాది, నమ్మబాకండి, నా మీద ప్రేమతో అంటాది అన్నాడు. నాయన కోసం బిడ్డ అబద్ధం చెప్తాది తల్లీ, అది లోకం. తన మీద తానే దొంగతనం ఎవురన్నా చెప్పుకుంటారా?"

ఆమె మజ్జిగ తాగకుండానే లేచింది. ఊరి వీధిలో ఎవరూ ఆమెను తిట్టలేదు. పాపం పిల్ల అన్నట్టు చూశారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి దగ్గర రహిమున్నీసా పొయ్యి ముందు కూర్చుని ఉంది, పొయ్యి మీద ఏమీ లేదు. పీరా సాహెబ్ అరుగు మీద మామిడికాయలు కోసే చిక్కం ముందేసుకుని, తెగిన తాళ్ళు ముడేస్తున్నాడు. ఆయన గుత్తకు తీసుకున్న తోటలో కాయంతా నేల మీదే ఉంది. తన పేరున టోకెను ఉండి కూడా ఆయన ఒక్క బుట్ట కోయలేదు. వరండా స్తంభానికి ఆనుకుని నిలబడి షబ్రీన్ అడిగింది, ఎందుకిట్లా చేసినారని. ఆయన ముడి పూర్తి చేసి, పంటితో తాడు కొరికి, అప్పుడు మాట్లాడాడు.

"తప్పు జరిగిందంటే ఊరు నమ్మదు పాపా. మోసమనే అంటాది. కూతురు చేసిందంటే నీ ఉద్యోగం, రేపు నీ బతుకు, అన్నీ దాంట్లో పోతాయి. ముసిలోడికి ఆశ పుట్టిందంటే అంతటితో అయిపోతాది."

"మీ పేరు?"

"నా పేరు నేను వాడుకున్నంత వాడుకున్నా."

ఇద్దరం కలిసి పోదాం, అందరినీ ఇదే అరుగు మీదికి పిలిచి ఉన్నదున్నట్టు చెప్దాం అని ఆమె ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒకసారి దొంగనని ఒప్పుకున్నవాడు ఆ మాట వెనక్కి తీసుకుంటే రెండుసార్లు దొంగ అవుతాడన్నాడు. ఆ తర్వాత ఆయన ఉర్దూలోకి మారిపోయి, తిన్నావా, రైల్లో సీటు దొరికిందా అని అడిగాడు. అంటే ఆ విషయం అయిపోయిందని అర్థం. గుత్తదారులు బయట నిలబడకూడదని తాను నోరు విప్పిన ఆ ఒక్క రోజును ఎవరైనా వెనక్కి తీసుకుంటే బాగుండని షబ్రీన్‌కు అనిపించింది. పాసుబుక్కు అడిగి ఉంటే నాయనకు టోకెను రాకపోయేది, అంతే కదా. పరువు ఉండేది.

నెలాఖరున, చెప్పినట్టే, చివరి కాయ కోసం నమోదు మళ్ళీ తెరిచారు. ఈసారి అంతా సరిగ్గా ఉంది. ఒకే నంబరు మీద ఊరు ఊరంతా పేర్లు చెప్పుకున్నా ఒక్క పేరు కూడా పోదు. అన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడతాయి. ఆ పూట అమ్మీకి ఫోను చేస్తే, మీ అబ్బా పొద్దున్నే ఫోనుకు చార్జింగు పెట్టి, గడ్డం గీసుకుని, అరుగు ఊడ్చి కూర్చున్నాడు అని చెప్పింది. ఎవరైనా వచ్చారా అని షబ్రీన్ అడగలేదు, ఆమె కూడా చెప్పలేదు.

సాయంత్రం ఆఫీసులో అందరూ పోయాక, షబ్రీన్ నల్ల తెర తెరిచి, గుట్టకిందపల్లె పేరు కొట్టింది. అందరూ వచ్చారు. మునస్వామి ఉన్నాడు, అతని నంబరు కొత్తది. ఆనందమ్మ ఉంది, నిస్సీ నంబరు ఇచ్చింది. కుప్పయ్య ఉన్నాడు, మునిరామయ్య ఉన్నాడు. సిమ్ములు కొన్నారు, రీచార్జీలు చేయించారు, తడ దగ్గర ఉన్న కొడుకుల నంబర్లు తెచ్చుకున్నారు. ఏ ఇద్దరి నంబరూ ఒకటి కాదు. అందరికంటే కింద, ఆ పాత నంబరు పక్కన, ఒక్క పేరే ఉంది, నాయనది.

ఎందరైనా ఉండొచ్చని ఆమె కష్టపడి మార్చిన మార్పు ఆ ఊరికి అక్కర్లేకుండా పోయింది. మొదట తాను రాసింది అబద్ధంగా ఉండింది. ఇప్పుడు ఊరే దానికి తగ్గట్టు సర్దుకుంది. ఒక నంబరు, ఒక మనిషి. ఎందుకో మళ్ళీ ఒకసారి టూలు నడిపి చూసింది. ఎక్కడా ఎరుపు రాలేదు. అంతా సరిగ్గా ఉందని పచ్చ అక్షరాలతో చెప్పింది.